ఒకే నిమిషంలో రెండు గీతలు

1996 మార్చిలో నన్ను దోహా ఆఫీసు నుంచి అల్ ఖోర్‌కి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక గ్యాస్ ప్లాంటుకి బదిలీ చేశారు. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. బదిలీ ఉత్తర్వులో నా హోదా డేటా ఎంట్రీ ఆపరేటర్. వీసాలోనూ అదే. నా చేత చేయించుకున్నది మాత్రం ప్రోగ్రామరు పని. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ ప్లాంటులో మాటకి విలువ మనిషిని బట్టి కాదు, అతని కాగితం మీద రాసిన హోదాని బట్టి ఉండేది. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

నేను ఒంగోల్లో పదో తరగతి, టైపు హయ్యరు పాసై గల్ఫుకి వచ్చినవాణ్ణి. కాలేజీ మెట్టు ఎక్కలేదు. కంప్యూటరుతో పాటు వచ్చిన మాన్యువళ్ళు దోహా ఆఫీసులో అట్టపెట్టెలోంచి ఎవరూ బయటికి తీయలేదు. నేను తీశాను. రెండేళ్ళపాటు మధ్యాహ్నం భోజనం వేళ, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఆ పుస్తకాలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. C భాషా, డేటాబేస్‌ని అడిగే క్వెరీ భాషా నాకు అలా వచ్చాయి. ఇందులో గొప్పేమీ లేదు. కానీ డిగ్రీ ఉండి ఆ పెట్టె తెరవనివాళ్ళు నాకు పాఠాలు చెప్పబోయినప్పుడు మాత్రం ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

ప్లాంటులో నాకు అప్పగించింది గేటు సిస్టమ్. గేటు దగ్గర రెండు కార్డు మెషీన్లు ఉండేవి, ఒకటి లోపలికి వెళ్ళేవాళ్ళకి, ఒకటి బయటికి వచ్చేవాళ్ళకి. మనిషి తన కార్డు గాడిలో పెట్టి గీస్తే డేటాబేస్‌లో ఒక వరస చేరుతుంది. ఆ వరసలో క్రమసంఖ్య, కార్డు నంబరు, సమయం, దిశ ఉంటాయి. దిశ అంటే లోపలికైతే 1, బయటికైతే 2. సమయం గంటా నిమిషం వరకే, సెకన్లు లేవు. ఈ సెకన్లు లేకపోవడం గుర్తు పెట్టుకోండి.

ఈ గీతల్లోంచి తయారయ్యే కాగితాన్ని మస్టర్ లిస్టు అంటారు. ఈ క్షణాన ప్లాంటు లోపల ఎవరెవరు ఉన్నారో చెప్పే జాబితా అది. గ్యాస్ లీకై సైరన్ మోగితే పనిలో ఉన్నవాళ్ళంతా ఎక్కడి పనిముట్లు అక్కడ పడేసి గేటు పక్కనున్న అసెంబ్లీ పాయింటుకి రావాలి. అక్కడ వార్డెన్లు లిస్టు పట్టుకుని పేర్లు పిలుస్తారు. పిలిచిన పేరుకి పలుకు రాలేదంటే ఆ మనిషి లోపలే పడి ఉన్నాడని లెక్క. అప్పుడు వీపున గాలి సిలిండర్లు కట్టుకుని ఇద్దరు లోపలికి వెళతారు. లిస్టులో లేనివాడి కోసం ఎవరూ వెళ్ళరు. వెళ్ళకూడదు కూడా. గ్యాస్‌లోకి మనిషిని పంపడమంటే ఇంకో ఇద్దరి ప్రాణాలు పెట్టి చూడడం. ఖాయంగా తెలిస్తేనే పంపుతారు.

నేను వెళ్ళిన నెలలోనే ఒక డ్రిల్లు పెట్టారు. సైరన్ మోగింది, జనం వచ్చి ఎండలో నిలబడ్డారు, లిస్టు మాత్రం నలభై నిమిషాలకి వచ్చింది. సేఫ్టీ ఆఫీసరు హ్యారిస్ అనే ఇంగ్లీషాయన. పొడుగ్గా, ఎండకి ఎర్రగా కాలిన మెడతో ఉండేవాడు. కోప్పడలేదు. గేటాఫీసులోకి వచ్చి, నిజంగా గ్యాస్ వచ్చి ఉంటే ఈ కాగితం తద్దినానికి పనికొచ్చేదన్న అర్థం వచ్చే మాట ఒకటి అని, పది నిమిషాల్లోపు రావాలని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆలస్యం ఎందుకో కనుక్కోవడం కష్టం కాలేదు. పాత ప్రోగ్రాము ముందు కార్డులన్నిటి జాబితా తెచ్చుకునేది. తర్వాత ఒక్కో కార్డు గురించీ డేటాబేస్‌ని విడిగా అడిగేది. ఈ కార్డు గీతలన్నీ ఇవ్వు అని ఒకసారి, ఈ కార్డు ఎవరిది అని ఇంకోసారి, ఆ మనిషి ఏ కాంట్రాక్టరు దగ్గర అని మరోసారి. డేటాబేస్ ఉన్న మెషీను కిలోమీటరు దూరాన పరిపాలనా భవనంలో ఉంది. వేలమంది కార్డులు, కార్డుకి మూడు ప్రశ్నలు, ప్రతి ప్రశ్నా తీగ మీద పోయి రావాలి. రికార్డు రూములోంచి వెయ్యి ఫైళ్ళు కావాలంటే ప్యూనుని వెయ్యిసార్లు పంపడం లాంటిది. చీటీ మీద అన్నీ రాసిచ్చి ఒక్కసారి పంపితే తోపుడుబండి మీద వేసుకొస్తాడు కదా.

మా సిస్టమ్స్ సూపర్‌వైజరు మెహతా. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, దాని నకలు అద్దం పెట్టించి టేబుల్ వెనక తగిలించుకున్నాడు. అతను నా మాట సగం విని, మొత్తం క్వెరీలోకి తోసెయ్యమన్నాడు. ప్రోగ్రాము ఏమీ ఆలోచించకూడదు, అచ్చు వెయ్యాలి అంతే, ఆలోచన డేటాబేస్ చేస్తుంది అన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది. నచ్చలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

వారం కూర్చుని రాశాను. ఒకే ఒక్క క్వెరీ, అంటే డేటాబేస్‌కి వేసే ఒకే పొడుగాటి ప్రశ్న. కార్డులు, మనుషులు, కాంట్రాక్టర్లు, గీతలు, నాలుగు పట్టికలూ కలిపి, ఒక్కో కార్డుకీ అన్నిటికంటే ఆలస్యమైన సమయం ఉన్న గీత ఏదో చూసి, అది 1 అయితే లోపల, 2 అయితే బయట. రెండు నిమిషాల్లో వచ్చేసింది.

పరీక్ష చేస్తున్నప్పుడు ఒక చిక్కు కనబడింది. కొన్ని కార్డులకి రెండేసి వరసలు వస్తున్నాయి. ఒకే కార్డు, ఒకే నిమిషం, ఒకటి బయటికి, ఒకటి లోపలికి. ఒక మనిషి అదే నిమిషంలో బయటికి పోయి ఎలా తిరిగొస్తాడు? మెషీను రెండుసార్లు పట్టి ఉంటుందిలే అనుకున్నాను. లిస్టులో మనిషికి ఒక్క పేరే రావాలి కాబట్టి, రెండు ఉన్నప్పుడు దిశలో పెద్ద అంకె ఉన్నదాన్ని తీసుకొమ్మని క్వెరీకి చెప్పాను. పెద్ద అంకె 2. అంటే బయట. అలా ఎందుకు వస్తోందని గేటు దాకా నడిచి వెళ్ళి చూసినవాణ్ణి కాదు. ఆఫీసు వాళ్ళ బస్సు ఏడింటికి వచ్చేది. షిఫ్టు మారేది ఆరింటికి. ఆ గేటు ఆరింటికి ఎలా ఉంటుందో నేను ఒక్కనాడూ చూడలేదు.

ఇంకో సంగతి. పాత ప్రోగ్రాము పైన, రాసినవాడెవడో, ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి పెట్టాడు. క్రమసంఖ్య ప్రకారం చదవాలి, సమయం ప్రకారం కాదు అని. ఎందుకో రాయలేదు. నలభై నిమిషాల ప్రోగ్రాము రాసినవాడి సలహా నాకెందుకని, మిగతా వాటితో పాటు ఆ వాక్యాన్నీ చెరిపేశాను.

తర్వాతి డ్రిల్లులో లిస్టు రెండు నిమిషాలకి వచ్చింది. హ్యారిస్ నాకు చెయ్యి కలిపాడు. మెహతా దోహాకి రిపోర్టు పంపాడు. అందులో నా పేరు ఎక్కడుందో నేను వెతికినా దొరకలేదు.

జూన్‌లో ప్లాంటులో ఒక భాగాన్ని మరమ్మతుల కోసం ఆపారు. దాన్ని షట్‌డౌన్ అంటారు. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు, రెండు షిఫ్టులు. క్యాంపుల నుంచి బస్సుల మీద బస్సులు జనాన్ని తెచ్చి దింపేవి. అందులో మన తెలుగువాళ్ళు చాలామంది. పరంజా కట్టేవాళ్ళలో అయితే సగం పైగా కరీంనగర్, నిజామాబాదు వైపు వాళ్ళే.

ఒకరోజు ఉదయం తొమ్మిది దాటాక, నేను గేటాఫీసులో ఉండగా సైరన్ మోగింది. డ్రిల్లు అనుకున్నాను. హ్యారిస్ పరుగెత్తుకుంటూ రావడం చూశాక కాదని తెలిసింది. డ్రిల్లు నాడు అతను నడిచి వచ్చేవాడు. విడిచిపెట్టిన పాత లైనులో, గొట్టాన్నీ గొట్టాన్నీ బోల్టులతో కలిపే ఫ్లాంజి దగ్గర గ్యాస్ కారుతోంది. అది కుళ్ళిన గుడ్డు వాసన వేసే రకం. కాసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు, దానివల్లే చనిపోతారు. గాలి దిక్కు చూపే గుడ్డసంచి లోపలివైపే తిరిగి ఉండబట్టి గేటు దగ్గర మాకు భయం లేదు.

లిస్టు నొక్కాను. రెండు నిమిషాలు. ప్రింటరు గరగరమంటుంటే కాగితాలు చించి వార్డెన్లకి అందించాను. బయట జనం గుంపులు గుంపులుగా, ఎవరి మేస్త్రీ వెనక వాళ్ళు. పేర్లు పిలుస్తున్నారు, చేతులు లేస్తున్నాయి. పావుగంటలో వార్డెన్లందరూ వచ్చి చెప్పారు, లిస్టులో ఉన్న ప్రతి పేరుకీ మనిషి ఉన్నాడని. హ్యారిస్ రేడియోలో కంట్రోల్ రూముకి, అందరూ బయట ఉన్నారు, లోపల ఎవరూ లేరు అని చెప్పడం నేను విన్నాను. నిజం చెప్పాలంటే, ఆ నిమిషాన నా ఛాతీ కాస్త పొంగింది.

అప్పుడు కిటికీ దగ్గరికి కొమరయ్య వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, పరంజా వాళ్ళకి మేస్త్రీ, పదేళ్ళుగా గల్ఫులో ఉన్నాడు. క్యాంటీన్లో తెలుగులో పలకరించుకునే పరిచయం మాది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు, ఆ రోజు గొంతు దించి మాట్లాడాడు.

"సార్, మా నర్సింలు కానొస్తలేడు."

లిస్టు చూశాను. నర్సింలు పేరు లేదు. రాత్రి డ్యూటీ వాడు, పొద్దున్నే క్యాంపుకి పోయి పడుకుని ఉంటాడు, కార్డు బయటికి గీసి ఉంది అన్నాను.

"పోలేదు సార్. మా దాంట్ల ఒకనికి జరమొచ్చింది, మనిషి తక్కువైతే నేనే ఆపిన, డబల్ డ్యూటీ చెయ్యిరా అని. ఛాయ్ టైముకు ముందు కూడ నా తోటి మాట్లాడిండు."

మరి కార్డు బయట అంటోంది కదా అన్నాను.

"కార్డు ఏమన్న అననియ్ సార్. మనిషి లోపట్నే ఉన్నడు."

వార్డెన్‌కి చెప్పావా అని అడిగాను. చెప్పాడట. లిస్టులో పేరు లేదు, మాఫీ, అంటే అరబ్బీలో లేడంతే, అని చెయ్యి ఊపేశాడట. నేనూ దాదాపు అదే అనబోయాను. ఈ సంగతి రాయకుండా దాటవేయవచ్చు. కానీ నాకు అప్పుడు మొదట తట్టింది, వీడు పొరబడి ఉంటాడనే. నా క్వెరీ పొరబడుతుందని తట్టలేదు.

నువ్వు అంత గట్టిగా ఎలా చెప్పగలవు అని అడిగితే కొమరయ్య హ్యారిస్ వైపు ఒకసారి చూశాడు. ఆయన వీపు మా వైపుంది. కొమరయ్య చెయ్యి చొక్కా జేబు మీదికి పోయి, అక్కడే ఆగింది.

"చెప్తే నా కొలువు పోతది," అన్నాడు. అనేసి, జేబులోంచి తీసి కిటికీ బల్ల మీద పెట్టాడు. రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట. అతని కింద పని చేస్తున్న మనుషులందరి కార్డులూ.

ఎవరి కార్డు వాళ్ళే గీసుకోవాలి, వాళ్ళ మెడలోనే ఉండాలి. అది గేటు మొదటి రూలు. తప్పితే తిరుగు విమానం ఎక్కిస్తామని మూడు భాషల్లో రాసి గోడకి అంటించి ఉంది. కొమరయ్య రెండు ముక్కల్లో చెప్పాడు. పరంజా పనిలో మెడలో తాడు ఇనుపగొట్టాలకి చిక్కుకుంటుంది, కార్డులు పోతాయి. అందుకని మేస్త్రీలు దగ్గర పెట్టుకుంటారు. పొద్దున్న ఆరింటికి డ్యూటీ దిగేవాళ్ళ కట్టా, ఎక్కేవాళ్ళ కట్టా రెండూ అతనే గబగబా గీసేస్తాడు. గార్డుకీ తెలుసు, అతనికి బస్సులు కదిలితే చాలు. మరి డబల్ డ్యూటీ వాడి సంగతి? పన్నెండు గంటలు దాటి లోపలుంటే సిస్టమ్ ఎర్రగా చూపిస్తుంది కాబట్టి వాడి కార్డు ఒకసారి బయటికి, వెంటనే ఒకసారి లోపలికి గీస్తారు. మనిషి గేటు దాకా రానే రాడు. కార్డు మాత్రం పోయి వస్తుంది.

ఒకే నిమిషంలో రెండు గీతలు. నేను మెషీను తప్పనుకుని 2 వైపు తోసేసినవి.

కట్ట విప్పాను. నర్సింలు కార్డు మధ్యలో ఉంది. ఫొటోలో ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, మీసం సరిగా రాలేదు. కార్డు నంబరు చూసి, లిస్టు ప్రోగ్రాముని పక్కన పెట్టి, డేటాబేస్‌ని నేరుగా అడిగాను. ఈ ఒక్క కార్డు, ఈ ఒక్క రోజు, క్రమసంఖ్య వరసలో. తెర మీద రెండు వరసలు వచ్చాయి. ఆరూ నాలుగుకి 2. దాని కింద, తర్వాతి క్రమసంఖ్యతో, ఆరూ నాలుగుకే 1. ఆఖరి గీత లోపలికే ఉంది.

అప్పటికి సైరన్ మోగి ఇరవై నిమిషాలు దాటింది.

హ్యారిస్‌ని పిలిచాను. చెప్పాను. ఆయన తెర చూశాడు, నా చేతిలో లిస్టు చూశాడు, బల్ల మీద కార్డుల కట్ట చూశాడు. అదే సమయంలో మెహతా పరిపాలనా భవనం నుంచి ఫోను చేసి, ఏం జరుగుతోందని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే మధ్యలో ఆపి, సిస్టమ్ ఇచ్చిన లిస్టు మీద నువ్వు మాట్లాడొద్దు, కూలీ మాట విని సేఫ్టీ వాళ్ళని తికమక పెట్టొద్దు, లిస్టు కరెక్ట్ అన్నాడు. ఫోను చెవి దగ్గరే ఉంది. హ్యారిస్ నా ముఖంలోకి చూస్తున్నాడు.

ఆయన అడిగింది ఇప్పటికీ మాటకి మాట గుర్తుంది. నీ కాగితం బయట అంటోంది, ఇతను లోపల అంటున్నాడు, నేను ఇద్దర్ని లోపలికి పంపాలి, ఏమన్నా అయితే వాళ్ళ పెళ్ళాలకి జవాబు చెప్పుకోవాల్సింది నేను, ఏది నిజం అన్నాడు.

"లిస్టు తప్పు. మనిషి లోపల ఉన్నాడు. తప్పు చేసింది నేను," అన్నాను. ఇంగ్లీషులో మూడు చిన్న వాక్యాలు. ఫోనులో మెహతా ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. పెట్టేశాను.

 హ్యారిస్ నర్సింలు పని చేసే చోటు ఎక్కడో కొమరయ్యని అడిగి, మ్యాపు మీద వేలు పెట్టించి, రేడియో తీసుకున్నాడు. సిలిండర్ల వాళ్ళు ఇద్దరు బయలుదేరారు.

తర్వాత మేము చేయగలిగింది ఏమీ లేదు. ఎదురుచూసింది పన్నెండు నిమిషాలు, గోడ గడియారం చూసి లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. కొమరయ్య కూర్చోమన్నా కూర్చోలేదు. విప్పిన కార్డుల్ని మళ్ళీ సరిచేసి బ్యాండు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. నర్సింలు కార్డు మాత్రం కట్టలో కలపకుండా చేతిలోనే పట్టుకున్నాడు. కాసేపటికి నావైపు తిరిగి అడిగాడు.

"సార్, నీ కంపూటర్ల లోపట ఉన్నడని ఉండె గద. మరి కాగితంల ఎందుకు రాలె?"

జవాబు నాకు తెలుసు. గోడ గడియారం వైపు తిరిగాను.

రేడియోలో మొదట మ్యాపులో చూపిన చోట ఎవరూ లేరని వచ్చింది. హ్యారిస్ మా ఇద్దరినీ చూశాడు. సిలిండర్లో గాలి ఎంతసేపు వస్తుందో ఆయనకి తెలుసు, మాకూ తెలుసు. కొమరయ్య నీడ ఉండే చోట చూడమను సార్ అన్నాడు. రాత్రంతా పని చేసినవాడు, ఛాయ్ టైములో ఎక్కడైనా ఒరిగి ఉంటాడు, పరంజా గొట్టాలు బిగించే క్లాంపులు పెట్టే ఇనుప కంటైనర్ ఉంది, తలుపు దగ్గరికేస్తే అందులో నీడ అన్నాడు. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి హ్యారిస్‌కి, హ్యారిస్ రేడియోకి.  నిమిషానికి రేడియో పలికింది.

దొరికాడు. కంటైనర్లో, గోనెసంచుల మీద, చెవుల్లో శబ్దం వినబడకుండా పెట్టుకునే దూదిబిరడాలతో నిద్రపోతున్నాడు. సైరన్ వినలేదు. పక్కన కంప్రెసర్ నడుస్తుంటే అందరూ అవి పెట్టుకోవాల్సిందే, అదీ ఒక రూలే. అప్పటికే గ్యాస్ కొంచెం లోపలికి చేరింది. లేపితే నిలబడలేకపోయాడు, వాంతి చేసుకున్నాడు, మాస్కు తగిలించి మోసుకొచ్చారు.

స్ట్రెచర్ మీద కళ్ళు తెరిచాక మేస్త్రీని చూసి అతను అడిగిన మొదటి మాట నేను పక్కనే ఉండి విన్నాను.

"మేస్త్రీ, నా కార్డు గీసినవా?"

కొమరయ్య బూతు ఒకటి తిట్టాడు. రాయదగ్గది కాదు. తిట్టి, పక్కకి తిరిగి, చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. నర్సింలు నాలుగు రోజులు అల్ ఖోర్ ఆసుపత్రిలో ఉండి పనిలోకి వచ్చాడు.

మర్నాటి నుంచి విచారణ. మెహతా రాసిన ముసాయిదా టైపు చెయ్యడానికి నా దగ్గరికే వచ్చింది, నేను టైపిస్టుని కూడా కదా. అందులో ప్రమాదానికి కారణం, మేస్త్రీ కార్డుల దుర్వినియోగం. సిస్టమ్ సక్రమంగా పనిచేసింది, తప్పుడు సమాచారం ఇస్తే తప్పుడు జవాబు వస్తుంది. సిఫారసు, సదరు మేస్త్రీని ఉద్యోగంలోంచి తీసి వెనక్కి పంపాలి. కొమరయ్య కార్డులు చూపించకుండా నోరు మూసుకుని ఉంటే అతని కొలువుకి ఏ ఢోకా ఉండేది కాదు. నర్సింలు సంగతి సాయంత్రం బస్సు దగ్గర తెలిసేది.

మెహతా రాసినదాన్ని ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేశాను. తర్వాత ఇంకో కాగితం పెట్టి నాది టైపు చేశాను. మేస్త్రీ రూలు తప్పిన మాట నిజం. కానీ అతను గీసిన ఆఖరి గీత, మనిషి లోపల ఉన్నాడనే చెప్పింది, అది నిజమే చెప్పింది. డేటాబేస్ దాన్ని సరైన వరసలోనే దాచింది. నలభై నిమిషాలు పట్టినా పాత ప్రోగ్రాము ఆ పేరు అచ్చువేసేది. ఆ వరసని పారేసింది నేను రాసిన క్వెరీ. పారేయమన్నది నేను. పరీక్షలో ఆ జంట వరసలు కంటబడినా కారణం అడగలేదు. ఈ అయిదారు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, కింద నా హోదా కూడా రాసి, నేరుగా హ్యారిస్ టేబుల్ మీద పెట్టాను. మెహతాకి తెలిసి, డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని ఎవరు అభిప్రాయం అడిగారని గద్దించాడు. నేను ఎంటర్ చేసినది డేటానే కదా అన్నాను.

హ్యారిస్ మరుసటి రోజు పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర ఉంటానని, నన్నూ రమ్మని కబురు పెట్టాడు. అప్పుడు చూశాను మొదటిసారి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ వందలమంది, రెండే మెషీన్లు, వెనక బస్సుల వరస రోడ్డు మీదికి, యల్లా యల్లా, కదలండి కదలండి అని గార్డు అరుపులు. ఒక్కొక్కరే గీసుకుంటూ పోతే ఏడున్నరకి కూడా తెమలదు. ఆ రూలు రాసినవాళ్ళు, ఆ ప్రోగ్రాము రాసిన నేను, ఆరింటికి నిద్రపోయేవాళ్ళం. హ్యారిస్ గంటసేపు నిలబడి చూసి, మెషీన్లు ఇంకా కావాలని తనే రాశాడు. వచ్చే వరకు మేస్త్రీలు గీయవచ్చు, కానీ డబల్ డ్యూటీ వాళ్ళ పేర్లు గేటాఫీసులో రాసిచ్చి తీరాలి అన్నాడు.

కొమరయ్యని పంపలేదు. హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. నాకూ ఒకటి ఇచ్చారు, సరిగా పరీక్షించని మార్పు చేసినందుకు. అది న్యాయమే. మెహతాకి ఏ ఉత్తరమూ రాలేదు. మొత్తం క్వెరీలోకి తోసెయ్యమన్న మాట ఏ కాగితం మీదా లేదు మరి. సరిచేసిన ప్రోగ్రాముని దోహాలో చూపించినప్పుడు మొదటి పేజీ మీద అతని పేరుంది. నా దగ్గరున్న రుజువు ఆ హెచ్చరిక ఉత్తరం ఒక్కటే, ఇన్నేళ్ళైనా పారేయలేదు.

సరిచేసిన ప్రోగ్రాము గురించి కూడా చెప్పాలి, ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు చదువుతారని. డేటాబేస్‌ని వేలసార్లు అడగడం మళ్ళీ మొదలుపెట్టలేదు. ఒక్కసారే అడిగాను, ఈ రోజువీ నిన్నటివీ గీతలన్నీ క్రమసంఖ్య వరసలో ఇవ్వు, పక్కన పేరూ కాంట్రాక్టరూ జోడించి ఇవ్వు అని. ఏరడం, జోడించడం, వరసలో పెట్టడం డేటాబేస్‌కి బాగా వచ్చిన పనులు. అవి దానికే వదిలాను. లోపలా బయటా అన్న తీర్పు మాత్రం ప్రోగ్రాములోకి తెచ్చుకున్నాను. అది ఆ గీతల్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదువుతూ, కార్డు కార్డుకీ తాజా దిశ రాసుకుంటూ పోతుంది. ఒకే నిమిషంలో రెండు గీతలున్న కార్డు కనబడితే ఆ పేరు పక్కన చుక్క పెడుతుంది, వార్డెన్ మేస్త్రీని అడిగి తేల్చుకోవాలని. మొత్తం మూడున్నర నిమిషాలు పట్టేది. నా మొదటి క్వెరీ కంటే నిమిషంన్నర ఎక్కువ. హ్యారిస్ ఒప్పుకున్నాడు. మెహతా ఆ నిమిషంన్నర ఎందుకు తగ్గించలేవని నేను అక్కడున్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాడు.

చెరిపేసిన వాక్యాన్ని ప్రోగ్రాము పైన మళ్ళీ రాశాను. క్రమసంఖ్య ప్రకారం చదవాలి, సమయం ప్రకారం కాదు. మొదట రాసినవాడు వదిలేసిన కారణం కూడా దాని కింద రాశాను, డబల్ డ్యూటీ మనిషి కార్డు ఒకే నిమిషంలో బయటికీ లోపలికీ పోతుంది, మనిషి లోపలే ఉంటాడు అని. ఆ తర్వాత ఉద్యోగం చేసిన పదకొండేళ్ళలో, ఒకటి రావలసిన చోట రెండు వరసలు వస్తే, అవి ఎవరి చేతి మీదుగా వచ్చాయో వెళ్ళి చూడకుండా నేను ఒక్కదాన్నీ తీసెయ్యలేదు.